టోటెం అంటే కులచిహ్నమేనా? తోబుట్టువు అనొచ్చా?

మా తమ్ముడి కూతురు ఇంటర్ చదువుతోంది. మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో వాళ్లింటికి వెళ్తే ఫోన్ తెచ్చి చూపించింది. ఏదో క్విజ్ ఆడితే తన టోటెం తోడేలు అని వచ్చిందట. "పెద్దనాన్నా, టోటెంని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. కులచిహ్నం అన్నాను. నిఘంటువుల్లో ఉన్న మాటే. "మరి మన కులచిహ్నం ఏంటి?" అంది వెంటనే. జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

టోటెం అంటే ఒక వంశం తన చుట్టంగా చూసుకునే జంతువో, మరొకటో. ఈ మాట ఉత్తర అమెరికాలో మహా సరస్సుల చుట్టూ ఉండే ఒజిబ్వే ప్రజలది. వాళ్లు 'ఒటోటెమాన్' అంటారు. అందులోని 'ఒటె' అనే ధాతువు ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ల రక్తసంబంధాన్ని చెబుతుంది. అంటే పెళ్లి కుదరని వరస. వాళ్లలో కొంగ, ఎలుగుబంటి, చేప, జింక పేర్లతో వంశాలు ఉన్నాయి. తండ్రి వంశం బిడ్డలకు వస్తుంది, ఒకే వంశంలో పెళ్లి చేసుకోరు. ధాతువులో జంతువు లేదు, చిహ్నం లేదు. ఉన్నదంతా చుట్టరికమే.

మరి క్విజ్‌లోకి తోడేలు ఎలా వచ్చింది? జాన్ లాంగ్ అనే వర్తకుడు 1791లో తన ప్రయాణాల పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లీషులోకి ఈ మాట వచ్చింది దానితోనే. ప్రతి మనిషినీ కనిపెట్టుకుని ఉండే ఇష్టమైన ఆత్మే టోటెం అని ఆయన రాశాడు. అలాంటి రక్షకుడి మీద నమ్మకం ఒజిబ్వేలకు ఉన్న మాట నిజమే. ఎదిగే వయసు పిల్లలు ఒంటరిగా ఉపవాసం ఉండి, కలలో వచ్చే రక్షకుడి కోసం ఎదురుచూసేవాళ్లు. కానీ అది వేరు, వంశం వేరు. లాంగ్ రెండింటినీ కలిపేశాడు. ఈ రోజు 'నా టోటెం పులి, నాకు దారి చూపిస్తుంది' అనేవాళ్లంతా ఆ కలగలుపునే మోస్తున్నారు.

ఈ తేడా మనకు కొత్తేమీ కాదు. ఇలవేల్పు వేరు, ఇష్టదైవం వేరు. ఇలవేల్పు పుట్టిన ఇంటితో వస్తుంది, మనం ఎంచుకోలేం. ఇష్టదైవం మనసుకు పట్టినది.

మన దగ్గర జంతువుతో చుట్టరికం ఇప్పటికీ బతికే ఉంది. అరకు, పాడేరు వైపు గిరిజనుల ఇంటిపేర్లు చూడండి. కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. కొర్రా అంటే సూర్యుడు, అంటే జంతువులే ఉండాలని కూడా లేదు. ఇక ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో మెస్రం వంశం గోండులు పుష్య అమావాస్యకు నాగోబా అనే నాగదేవతను కొలుస్తారు. కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెచ్చి అభిషేకం చేస్తారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. నన్ను ఆపేసింది ఈ పరిచయమే. గుర్తుకు ఎవరూ కోడలిని పరిచయం చెయ్యరు కదా, ఇంటి పెద్దకు చేస్తారు. మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి పిల్లను తీసుకెళ్లి ఇవన్నీ చెప్పాలని ఉంది.

చిహ్నం అనగానే ఎన్నికల గుర్తు, కంపెనీ ముద్ర తలకెక్కుతాయి. అందుకే నాకు తోచిన మాట తోబుట్టువు. తోడ పుట్టినది అని. ఒజిబ్వే ధాతువుకు ఇంత దగ్గరగా వచ్చే మాట తెలుగులో ఇంకొకటి నాకు దొరకలేదు. కలలో వచ్చే రక్షకుడికి 'తోడు' చాలు.

వ్యాఖ్య: మా వైపు తోబుట్టువు అంటే అక్కచెల్లెళ్లే సార్. పులిని తోబుట్టువు అంటే ఆడపులి అనుకుంటారు.

జవాబు: వాడుకలో అలా కుదించుకున్నాం కానీ, మాటలో ఆడ మగ లేదండీ. తోబుట్టువులు అని బహువచనంలో అంటే అన్నదమ్ములు కూడా వస్తారు.

వ్యాఖ్య: ఇలవేల్పు అనేస్తే పోలా?

జవాబు: ఒకే ఇలవేల్పు ఉన్న రెండు ఇళ్లవాళ్లు వియ్యమందుకోవచ్చు. టోటెం ఒకటే అయితే అలా కుదరదు. అసలు సంగతి అదే కదండీ.

వ్యాఖ్య: నమస్తే అన్నా. మాది పాడేరు దగ్గర, ఇంటిపేరు వంతల. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను. మేము 'మాది నాగ వంశం' అంటాం. హైదరాబాద్‌లో మా ఇంటిపేరు వాళ్లు ఎవరు కలిసినా అన్నా, చెల్లీ అనే పిలుచుకుంటాం. కొత్త మాట ఎందుకన్నా, వంశం ఉంది కదా.

జవాబు: నిజమే తమ్ముడూ. నిఘంటువులు తిరగేశాను కానీ వాడేవాళ్లను అడగాలని తట్టలేదు. మనుషుల గుంపుకు 'నాగ వంశం', 'పులి వంశం' అనే ఇక నుంచి రాస్తాను. మరి ఆ పామును? ఇంట్లో దాని గురించి మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్లు ఏ వరస పెట్టి పిలుస్తారు? ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మని అడిగి ఇక్కడ రాస్తావా?