అప్‌డేట్: నాన్నగారి కాళ్ల వాపు ఎలా తగ్గింది

గుండె వైఫల్యానికి (గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేకపోవడానికి) చికిత్స పొంది ఇంటికి వచ్చిన మా నాన్నగారికి కాళ్ల వాపు మళ్లీ మొదలైందని, ఇంట్లో ఏం గమనించాలని మూడు వారాల క్రితం ఇక్కడ అడిగాను. రోజూ బరువు చూడమని చెప్పిన నర్సుగారికి మనఃపూర్వక కృతజ్ఞతలు.

ఆమె చెప్పినట్లే ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే రకమైన దుస్తులతో బరువు చూసి రాస్తున్నాను. ఐదో రోజుకల్లా, ఆయాసమేమీ పెరగకుండానే, బరువు 2 కిలోలు పెరిగింది. ఒంట్లో ఒక లీటరు నీరు నిలిస్తే ఒక కిలో పెరుగుతుందని, ఇబ్బంది తెలియకముందే బరువు ఆ సంగతి చెబుతుందని అప్పుడు బాగా అర్థమైంది. అదే రోజు డాక్టరుగారిని కలిస్తే, నీరు తగ్గించే మందు మోతాదు పెంచి, రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించారు. అక్కడి నర్సు మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలితే పడిన గుంట చాలాసేపు పూడలేదు. ఇప్పుడు అదే చోట నొక్కితే గుంట పడటం లేదు.

మొదటి ప్రశ్నలో నేను రాయవలసి ఉండీ రాయని విషయం ఒకటుంది. మోకాళ్ల నొప్పికి ఆయన తనంతట తానే ఐబుప్రొఫెన్ వేసుకుంటూ ఉండేవారు. అది ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపే మందు కనుక డాక్టరుగారు వెంటనే ఆపించి, పారాసిటమాల్ రాశారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక మూడు దిండ్లు లేనిదే పడుకోలేని నాన్నగారు నిన్న రాత్రి ఒక్క దిండుతో తెల్లవార్లూ నిద్రపోయారు.