కోనసీమకి ట్రైన్ ఎక్కడ దిగాలి? లోపల సొంత కారు లేకుండా తిరగొచ్చా?

మియాపూర్_వాసి:

అందరికీ నమస్తే. మా అమ్మకి అంతర్వేది నరసింహస్వామి మొక్కు ఒకటి ఉండిపోయింది, నాన్న ఉన్నప్పుడు మొక్కుకున్నదంట, అప్పట్నుంచి వచ్చే ఏడాది వచ్చే ఏడాది అంటూ జరిపేస్తున్నాం. ఈసారి మాత్రం ససేమిరా అంది. సంక్రాంతికి రద్దీ, రిపబ్లిక్ డే లాంగ్ వీకెండ్ కూడా రద్దీనే, అదంతా అయిపోయాక 2026 జనవరి 28 రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి 29 పొద్దున అక్కడ దిగి మూడు రోజులు ఉండి వచ్చేద్దాం అని ప్లాన్. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప, అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రాత్రంతా బస్సులో కూర్చోలేదు, కాబట్టి ట్రైనే. 60 రోజుల ముందే బుకింగ్ ఓపెన్ అవుతుంది కదా, అందుకే ఇప్పట్నుంచే అడుగుతున్నా.

నా డౌట్ ఏంటంటే అమలాపురం అని కొడితే అసలు స్టేషనే రావట్లేదు. ఒక ఫ్రెండ్ రాజమండ్రి దిగమంటాడు, ఆఫీసులో ఒకాయన కాకినాడ బెటర్ అంటాడు, మా పెదనాన్న కొడుకేమో నర్సాపురం దిగి పంటి ఎక్కేస్తే అవతల గట్టు అంతర్వేది రోడ్డే అంటాడు. పంటి అంటే ఏంటో నాకు యూట్యూబ్‌లో చూస్తే గానీ తెలీలేదు, రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచి దాని మీద బైకులు కార్లు ఎక్కించేస్తున్నారు, అమ్మని అందులో ఎక్కించొచ్చా? గోదారి ఒడ్డున దిండి అనే ఊళ్లో ఒక రాత్రి ఉండాలి, అయినవిల్లి, అప్పనపల్లి గుళ్లు చూడాలి, టైం ఉంటే యానాం. లోపల ఓలా ఊబర్ దొరుకుతాయా? బస్సుల్లో తిరగొచ్చా? సొంత కారు వేసుకుని రావడం నాకు ఇష్టం లేదు, అంత దూరం డ్రైవ్ చేశాక ఇంక నాకు సెలవు ఏముంటుంది చెప్పండి.

లంక_కుర్రోడు:

అమలాపురం స్టేషన్ పేరు యాప్‌లో వచ్చిన రోజున ఊరంతా పులిహోర పంచుతామండి. కోటిపల్లి నర్సాపురం లైను 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది, గోదాట్లో స్తంభాలు లేచాయి, నేను కాలేజీకి వెళ్లేటప్పుడు చూశాను, ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. సరే ఆ గోల వదిలేయండి.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, మాది లంక. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. ఎటునుంచి వచ్చినా గోదారి దాటకుండా మా ఊరు రాలేరు. అందుకని ఏ పాయ దాటి వస్తారో తేల్చుకుంటే ఏ స్టేషన్ అన్నది దానంతటదే తేలిపోద్ది. అమలాపురం, అయినవిల్లి వైపు ఉండేవాళ్లకి రాజమండ్రి, అక్కణ్ణుంచి హైవే మీద రావులపాలెం వచ్చి కొత్తపేట మీదుగా అమలాపురం, అరవై అరవై ఐదు కిలోమీటర్లు, బస్సులకి లోటు లేదు. కాకపోతే రాజమండ్రి స్టేషన్లో దిగి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఆటో, కాంప్లెక్స్ నుంచి బస్సు, బస్సు దిగాక మళ్లీ ఆటో, సామాన్లతో పాపతో పెద్దావిడతో మూడు సార్లు ఎక్కి దిగాలి. కాకినాడ నుంచి అయితే యానాం మీదుగా ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరున్న వంతెన దాటి రావాలి. మీరు చెప్పిన ఊళ్లకి అది చుట్టే, అంతర్వేది పూర్తిగా ఇటు చివర ఉంది.

అంతర్వేది, దిండి ప్రధానం అన్నారు కాబట్టి మీ దారి వశిష్ఠ. పాలకొల్లు దిగండి.

ఓలా ఊబర్ మీద ఆశ పెట్టుకోకండి. పెద్ద రూట్లలో బస్సులు బాగానే తిరుగుతాయి, పల్లెల్లోకి సర్వీస్ ఆటోలు, నలుగురు ఎక్కాల్సిన చోట తొమ్మిది మంది ఎక్కుతారు, డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ ఒకాయన కచ్చితంగా ఉంటాడు. మోకాళ్ల నొప్పులున్న ఆవిడకి అది కుదరదు. మూడు రోజులకీ ఒకే కారు మాట్లాడుకోండి, కిలోమీటర్ లెక్క కాకుండా రోజు లెక్క, డీజిలూ డ్రైవర్ బత్తా కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. మీరు దిగే హోటల్ వాళ్లనే అడగండి, తెలిసిన కుర్రోణ్ణి పంపుతారు.

ఇంకోటండి. మీరు జనం ఉండరని ఏరి ఏరి పట్టుకున్న ఆ 29 ఏంటో తెలుసా? భీష్మ ఏకాదశి. ముందు రోజు రాత్రి దశమికి అంతర్వేది స్వామివారి కల్యాణం, ఏకాదశికి రథం. లక్షల మంది వస్తారు. 😀

పాలకొల్లు_బాబాయ్:

ఆయ్, మా కుర్రోడు పాలకొల్లు అన్నాడు, అది చాలు నాకు.

అబ్బాయ్, లింగంపల్లి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ చూడు, నువ్వుండేది మియాపూరే కాబట్టి దగ్గర్లోనే ఎక్కేయొచ్చు, రాత్రి పడుకుంటే పొద్దున్న మా ఊళ్లో లేపుద్ది. కాపోతే ఈమధ్య హైదరాబాద్‌లో చాలా బళ్లని చర్లపల్లికీ అటూ ఇటూ మార్చారు కదా, టికెట్ తీసేటప్పుడు ఎక్కే స్టేషన్ ఏదో ఒకటికి రెండుసార్లు చూసుకో, అలవాటు కొద్దీ సికింద్రాబాద్ వెళ్లి నిలబడతావేమో. పాలకొల్లులో బండి ఎక్కువసేపు ఆగదు. భీమవరం దాటగానే అమ్మగారిని లేపి చెప్పులేయించి తలుపు దగ్గర సీట్లో కూర్చోబెట్టెయ్. తిరుగు ప్రయాణానికి మాత్రం పాలకొల్లులో ఎక్కకు, నర్సాపురం వెళ్లి ఎక్కు, ఓ పది కిలోమీటర్లు ఎక్కువైనా బండి బయల్దేరేది అక్కడే కాబట్టి ముందే వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటది, అమ్మగారు తీరుబాటుగా ఎక్కొచ్చు.

స్టేషన్లో దిగి కారెక్కితే చించినాడ వంతెన, వంతెన దిగితే దిండి, అరగంట పని. దిగిన వెంటనే కాఫీ తాగి క్షీరారామం కూడా చూసేయండి, పంచారామాల్లో ఒకటి, ఆ గోపురం చూస్తే పాప మెడ నొప్పి అంటది. హౌస్‌బోట్ అనుకుంటే మాత్రం ముందు టూరిజం వాళ్లకి ఫోన్ చేసి నడుస్తుందా రిపేర్లో ఉందా కనుక్కుని రా. పాపకి ముందే మాటిచ్చేసి రాకు.

తణుకు_టు_బెంగళూరు:

పంటి గురించి నా అనుభవం చెప్తా, తర్వాత మీ ఇష్టం.

రెండేళ్ల కింద మేం అంతర్వేది వెళ్లి వస్తూ సఖినేటిపల్లి రేవులో ఆగాం, కల్యాణం రోజులేం కాదు, మామూలు ఆదివారం. అవతల గట్టున నర్సాపురం, చేతికి అందేలా కనిపిస్తోంది, లైట్లు కూడా లెక్కపెట్టొచ్చు, సాయంత్రం ట్రైన్‌కి ఇంకా గంటన్నర టైముంది. మా ముందు ఎనిమిదో తొమ్మిదో కార్లు, పంటి మీద ఒక విడతకి పట్టేది కొన్నే. సరే మన వంతు వచ్చింది, ఎక్కాం, రెండు చెక్కల మీదుగా కారు ఎక్కిస్తుంటే మా ఆవిడ కళ్లు మూసుకుంది. అది పాటు టైము, అంటే సముద్రం వెనక్కి లాగేస్తుంటే గోదాట్లో నీళ్లు తగ్గిపోతాయి కదా, సగం దాటాక అడుగున ఇసుక మేట తగిలి ఠక్కున ఆగింది. ఇంజిన్ వాళ్లు ముందుకీ వెనక్కీ లాగుతున్నారు, ఒకతను గెడ తీసుకుని పొడుస్తున్నాడు, ఎవరికీ కంగారు లేదు, పక్కన బైకు మీద ఉన్న పెద్దాయన అయితే "పోటెక్కితే అదే లేస్తదిలెండి" అని చుట్ట వెలిగించాడు. మాకేమో గట్టు మీంచి స్టేషన్ మైకు వినిపిస్తున్నట్టే ఉంది. మొత్తానికి కదిలింది గానీ మా ట్రైన్ వెళ్లిపోయింది, తణుకులో మా పిన్ని ఇంటికి వెళ్లి పడుకున్నాం.

పంటి ప్రమాదం అని నేననను. దాటడం పది నిమిషాలే, పొద్దున పూట గాలికి, నీళ్ల వాసనకి ప్రాణం లేచొస్తుంది, పాప జన్మలో మర్చిపోదు. కానీ తిరుగు ట్రైన్ ఉన్న రోజు మాత్రం పంటిని నమ్ముకోవద్దు. వెళ్లేటప్పుడు పంటి, వచ్చేటప్పుడు చించినాడ వంతెన. రాజోలు చుట్టూ తిరిగి రావాలంటే నలభై కిలోమీటర్ల పైనే, అయినా దానికి పోటూ పాటూ ఉండవు.

కాకినాడ_కాజా:

కాకినాడని అంత తీసిపారేయకండి బాబూ. 😒 అంతర్వేది వద్దనుకునేవాళ్లకి మా వైపు నుంచి రావడమే హాయి, 216 హైవే మీద యానాం, ఎదుర్లంక, మురమళ్ల వీరేశ్వర స్వామి, తర్వాత అమలాపురం, అంతా ఒకే వరస. ద్రాక్షారామం చూసి కోటిపల్లి రేవులో దాటి ముక్తేశ్వరం దిగే దారి కూడా ఉంది, అక్కడా పంటే, అయినవిల్లి ఆ పక్కనే. కారున్నవాళ్లు యానాంలో టాంక్ ఫుల్ చేయించుకుంటారు, పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి పెట్రోల్ మనకంటే తక్కువ. ఇంకేం తక్కువో మగవాళ్లని అడగండి.

బస్సుల గురించి ఎవరూ అసలు విషయం చెప్పలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో కూడా ఆడవాళ్లకి ఉచితం, స్త్రీశక్తి అని. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో. సూపర్ లగ్జరీ, నాన్‌స్టాప్ ఎక్కి నాకు ఫ్రీ అంటే కండక్టర్ ఒప్పుకోడు. కార్డు మీద ఏపీ అడ్రస్ ఉండాలి, హైదరాబాద్ అడ్రస్ ఉన్న ఆధార్ పనికిరాదు. ఫ్రీ అయ్యాక పల్లెవెలుగుల్లో పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం కాలేజీలు వదిలే టైములో సీటు దొరకదు, మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు వరకు అయితే ఖాళీగానే ఉంటాయి. నేను మా అత్తగారిని అమలాపురం తీసుకెళ్లేది ఆ టైములోనే.

లంక_కుర్రోడు:

కాజా గారూ, కోపం వద్దు, కాజాలు మీవే బాగుంటాయి, ఒప్పుకున్నాం.

వర్షాకాలంలో ప్లాన్ చేసేవాళ్లు ఈ థ్రెడ్ చూస్తే వాళ్ల కోసం ఒకటి రాసిపెడతా. జులై ఆగస్టుల్లో బయల్దేరే ముందు ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం ఎంత ఉందో చూసుకోండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది. మొదటి దానికే లంకల్లో కాజ్‌వేలు మునగడం మొదలవుద్ది, అయినవిల్లి వైపు ఎదురుబిడియం కాజ్‌వే మునిగిందంటే అవతల ఊళ్లకి పడవలే, ఇక రేవుల్లో పంటిలు ఆపేస్తారు. మ్యాప్‌లో నీలం గీత గోదారి మీంచి పోతోందంటే అక్కడ వంతెన ఉందని అనుకోకండి, అది రేవు అవ్వొచ్చు. పోయినేడు ఓ కారాయన ఫోన్ చెప్పిందని రాత్రి పదింటికి నేరుగా రేవు దగ్గరికి వచ్చి హారన్ కొడుతున్నాడు, ఎవరికి కొడుతున్నాడో ఆయనకే తెలియాలి. రాత్రిళ్లు కాలవ గట్ల మీద నడపడం కూడా కొత్తవాళ్లకి మంచిది కాదు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి లోడు లారీ, గట్టుకి గోడ ఉండదు.

మియాపూర్_వాసి:

అందరికీ చాలా థాంక్స్ అండి, భీష్మ ఏకాదశి సంగతి చూసి నాకు కళ్లు తిరిగాయి. ఇంట్లో చెప్తే అమ్మ "అయితే ఆ రోజే వెళ్దాం, స్వామే పిలిచాడు" అంటోంది, మా ఆవిడేమో నా వైపు చూస్తోంది. అమ్మ ఆధార్ ఇంకా భీమవరం అడ్రస్‌తోనే ఉంది, అత్తాకోడళ్లు బస్సెక్కితే కోడలికే టికెట్ అని ఇంట్లో ఒకటే నవ్వులు.

డేట్ మార్చాలా, ఉంచాలా? ఉంచితే కారు గుడి దాకా వెళ్తుందా?

లంక_కుర్రోడు:

మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి మార్చండి. ఉత్సవాల్లో కార్లని దూరంగా ఆపేస్తారు, అక్కణ్ణుంచి ఇసకలో నడక, రేవులో తోపులాట, ఆ రోజు పంటి మాట ఎత్తకండి. పౌర్ణమికి కూడా సముద్ర స్నానాలకి బాగా వస్తారు, అది వెళ్లాక ఫిబ్రవరి రెండో వారంలో మంగళవారమో బుధవారమో చూసుకోండి. శనివారం కూడా వద్దు, ఆ రోజు వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే జనంతో రావులపాలెం చుట్టుపక్కల రోడ్లన్నీ నిండిపోతాయి, మీరు ఆత్రేయపురం పూతరేకులకి వెళ్లాలనుకున్నా అందులోనే చిక్కుకుంటారు.

మొదటి రోజు పాలకొల్లు దిగి దిండిలో రెస్ట్, సాయంత్రం గోదారి గట్టున కూర్చోండి చాలు. రెండో రోజు తెల్లారగట్లే అంతర్వేది, దర్శనం, లైట్‌హౌస్, మధ్యాహ్నానికి వెనక్కి. మూడో రోజు పాశర్లపూడి వంతెన వైపు వస్తూ అప్పనపల్లి, తర్వాత అమలాపురం, అయినవిల్లి. యానాం వదిలేయండి, దాని కోసం నాలుగో రోజు కావాలి.

పాలకొల్లు_బాబాయ్:

మూడో రోజు అయినవిల్లి దాకా వెళ్లి మళ్లీ సాయంత్రం నర్సాపురం బండికి రావాలంటే పరుగే. అయినవిల్లి నుంచి అటే రాజమండ్రి వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కమను, అది రాత్రి బండి.

లంక_కుర్రోడు:

అదీ నిజమే బాబాయ్ గారూ. అలా అయితే కారు వాడితో రాజమండ్రి స్టేషన్లో వదిలేట్టు ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఖాళీగా వెనక్కి వెళ్లాలని చివర్లో రిటర్న్ డబ్బులు అడుగుతాడు.

మియాపూర్_వాసి:

ఫిబ్రవరి 10 మంగళవారం దర్శనం అని అమ్మని ఒప్పించా, పాలకొల్లులో దిగడం, రాజమండ్రిలో ఎక్కడం. మధ్యలో ఒక్కసారి పంటి ఎక్కించాలంట, పాపకి వీడియో చూపించడం నాదే తప్పు.

తణుకు_టు_బెంగళూరు:

పదో తారీఖు పొద్దున్నే అంతర్వేది వెళ్లేటప్పుడు దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా నర్సాపురం వెళ్లి అటు నుంచి పంటి మీద దాటండి. కారు పంటి ఎక్కే ముందే అమ్మగారినీ పాపనీ దింపి నడిపించి ఎక్కించండి, కారులో కూర్చుని ఎక్కితే మా ఆవిడలా కళ్లు మూసుకోవాలి.