బీఏ సోషియాలజీ ప్రాజెక్టు మా ఊరి మీదే చేయొచ్చా?

ప్రశ్న (ఫైనలియర్ విద్యార్థిని, సూర్యాపేట జిల్లా):
ఆరో సెమిస్టర్‌లో మాకు ప్రాజెక్టు ఉంది. చాలామంది జిరాక్స్ షాపులో దొరికే పాతవాటికే పేరు మార్చి ఇస్తున్నారు. నాకు అలా ఇవ్వబుద్ధి కావట్లేదు. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి.దూబే అధ్యయనం చేశారని చదివినప్పటి నుంచి మా ఊరి గురించి రాయాలని ఉంది. కానీ ఆయన వెంట ఉస్మానియా నుంచి పెద్ద బృందమే వెళ్లింది. నేనొక్కదాన్నే ఊరంతా ఎలా తిరగను? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (డిగ్రీ లెక్చరర్, ఖమ్మం):
ఊరంతా వద్దమ్మా. మీ ఇంట్లో పెళ్లినాటి కట్నాల పుస్తకం, అంటే ఎవరెంత చదివించారో రాసుకున్నది ఉంటుంది, అడిగి తీయించు. మా అక్క పెళ్లిది ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఊరు, ఇంటిపేరు, 116 రూపాయలు, పక్కన వేరే ఇంకుతో టిక్కు. అంటే వాళ్లింట్లో శుభకార్యానికి మేం తిరిగి చదివించాం అని. మా అమ్మ ఏ పెళ్లికి బయల్దేరినా ముందు ఆ పుస్తకం చూసి, దాని మీద కొంత కలిపి కవర్‌లో పెట్టేది. ఫ్రాన్స్‌లో మార్సెల్ మోస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1925లో రాసింది దీని గురించే: కానుక ఇష్టంతో ఇచ్చినట్టే కనిపిస్తుంది కానీ ఇవ్వక తప్పదు, పుచ్చుకోక తప్పదు, తిరిగివ్వక తప్పదు.

రెండు మూడు ఇళ్ల పుస్తకాలు చాలు. ఏ కులాలవాళ్లు అందులో ఉన్నారు, పెళ్లిలో పని చేసిన చాకలి, మంగలి పేర్లు ఎందుకు లేవు, ఫోన్‌పేలో వేసినవి ఇప్పుడు ఎవరు ఎక్కిస్తున్నారు? ఇవి అడుగు. వందమందికి ఫారాలు పంచి శాతాలు వేయడం కన్నా ఇది చాలా గట్టి పని.

జవాబు (ఎంఏ విద్యార్థి):
పుస్తకం ఇచ్చినవాళ్ల అనుమతి తీసుకోండి. పేర్లు మార్చి రాయండి, డబ్బు విషయం కదా. వైవాలో (మౌఖిక పరీక్షలో) శాంపిల్ ఎంత, అంటే ఎంతమందిని చూశారు అని అడిగితే ఇది కేస్ స్టడీ, కొద్ది ఇళ్లనే లోతుగా చూశాను అని ధైర్యంగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
మేడమ్, అమ్మ పుస్తకం తీసింది. దాదాపు అన్నీ మగవాళ్ల పేర్లే. చీరలు, జాకెట్ ముక్కలు పెట్టిన ఆడవాళ్లవి ఎక్కడా రాయలేదు. ఏ చీర ఎవరు పెట్టారో, మళ్లీ మేం ఎవరికి పెట్టామో నానమ్మ మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అవి కూడా రాసుకోనా?

లెక్చరర్:
తప్పకుండా. నానమ్మతోనే మొదలుపెట్టు. ఆవిడ సరేనంటే ఫోన్‌లో రికార్డు చేసుకో. ఆ చీరల లెక్క, పుస్తకంలోని డబ్బు లెక్క ఒకే ఇళ్ల మధ్య నడుస్తున్నాయా, ఆడవాళ్ల పుట్టింటి వైపు ఎక్కువ పోతున్నాయా చూడు. దానికే ఒక అధ్యాయం పెట్టు.