మొదటి ఊరు ఎట్టా కట్టాలి? కొత్త క్యాంపెయిన్‌కి సలహాలు కావాలి

ఒంగోలు డీఎం:
అన్నలూ, అక్కలూ, డీ అండ్ డీలో (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ పాత్రల్లా ఆడే కథల ఆట) కొత్త క్యాంపెయిన్, అంటే చాలా రోజులు సాగే కథ, మొదలుపెడుతున్నా. కథ నడిపే డీఎం నేనే. నలుగురు ప్లేయర్లు, అందరూ లెవెల్ 1 (మొదటి మెట్టు), ముగ్గురు డైస్ పట్టుకోవడం ఇదే మొదటిసారి. 2014లో వచ్చిన రూల్స్‌తో ఆడతాం. మ్యాప్ గీశా, వీధులకి పేర్లు పెట్టా, జమీందారు గారి వంశవృక్షం కూడా రాశా. ఊరికి మాత్రం ఇంకా ప్రాణం రాలేదు. మీరంతా ఎట్టా చేశారు?

పెన్న గట్టు:
వంశవృక్షం పక్కన పెట్టు తమ్ముడూ, దాన్ని ఎవురూ అడగరు. ఊరికి నీళ్లు ఎక్కడివి, డబ్బు ఎక్కడిది, వాటి మీద పెత్తనం ఎవరిది? ముందు ఇది తేల్చు. నేను నెల్లూరుదాన్ని కాబట్టి చెరువు కింద ఊరు పెట్టా. పెద్ద కట్ట, రెండు తూములు, ఒక కలుజు (నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయే చోటు). ఎగువ మడులు ఊరి పెద్దవి, చిట్టచివరి మడులు బీదోళ్లవి. రాత్రిళ్లు ఎవరో తూము తిప్పేస్తున్నారు. పొద్దున చూస్తే రాళ్ల మీద తడి బురద, అందులో మూడు వేళ్ల పాదాల గుర్తులు. ఇంతే ఇచ్చా. ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడే పిల్ల సెషన్ సగం కట్ట మీదే తిరిగింది, ప్రతి రాయీ తడిమి చూసింది. తూము లోపల గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు) కాపురం పెట్టాయని, ఊరి పెద్దే వాటికి మేకల్ని పంపుతున్నాడని తెలిశాక ఇంక నేను చెప్పడానికేం మిగల్లేదు, వాళ్లే తగాదా పడ్డారు.

గూడూరు రోగ్:
గాబ్లిన్లు ఎన్ని పెట్టావో వీళ్లకీ చెప్పక్కా. 2014 లెక్క ప్రకారం లెవెల్ 1 నలుగురికి నాలుగు గాబ్లిన్లంటేనే డెడ్లీ, అంటే ప్రాణాల మీదికొచ్చే పోరు. ఒక్కోటి 50 ఎక్స్‌పీ (దాన్ని ఓడిస్తే వచ్చే పాయింట్లు), గుంపు కాబట్టి మొత్తానికి రెట్టింపు, 400 అయిపోద్ది, డెడ్లీ గీత అదే. కొత్తోళ్లు మొదటి రోజే చచ్చిపోతే మళ్లీ రారు.

పెన్న గట్టు:
మూడే. అందులో ఒకటి నిద్రలో ఉంది.

కావలి కుర్రోడు:
నాదొక మనవి. సత్రంలో మూలన ముసుగేసుకున్న ముసలాయన కూర్చుని "మీకో పని ఉంది నాయనా" అనడం ఇకనైనా మానండి. నా ఊరు కాలువ గట్టున ఉంటది, మన బకింగ్‌హామ్ కాలువను చూసి రాసుకున్నా. ఉప్పు కొటార్లు, పడవల రేవు, సుంకం వసూలు చేసే చావడి. నలుగురూ ఒకే పడవలో వస్తారు, చావడి దగ్గర పడవ ఆపేస్తారు. బస్తాల్లో ఒకటి కదులుతుంటది. సరంగు మాత్రం చూడనట్టు బీడీ ముట్టిస్తాడు. ఆట అక్కడే మొదలు.

మార్కాపురం పలక:
సత్రాన్ని అంత తీసిపారేయొద్దు. కొత్త ప్లేయర్లకి కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు కావాలి. ముసలాయన్ని తీసేసి అక్కడ వంట చేసే ఆమెను పెట్టండి, ఊళ్లో సగం సంగతులు ఆమెకే తెలుస్తాయి.

ఇంకోటి, ధరలు చూసుకోండి. రూల్‌బుక్‌లో మామూలు కూలికి రోజుకి 2 సిల్వర్ నాణేలు. హీలింగ్ పోషన్ (గాయాలు మాన్పే మందు) 50 గోల్డ్, అంటే 500 సిల్వర్, ఆ కూలివాడికి 250 రోజుల కూలి. పల్లెటూరి కొట్లో అట్టాంటివి వరసగా పేర్చి పెట్టారంటే ఆ కొట్టుకి ఈపాటికే కన్నం పడుండాలి. నా ఊళ్లో ఒక్కటంటే ఒక్కటే ఉంటది, అదీ గుడి పూజారి దగ్గర, బియ్యం డబ్బాలో. అది ఎవరి కోసం దాచాడన్నదే మా మొదటి కథ.

చీరాల మగ్గం:
కావలి తమ్ముడి సుంకం చావడికి ఒక అసలు సంగతి జోడిస్తా. మోటుపల్లి రేవు తెలుసుగా, 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్లు. ఈయన మాత్రం న్యాయమైన సుంకం, ముప్పైలో ఒక వంతు తీసుకుంటాం, మిగతాది మీదేనని వర్తకులకి మాటిచ్చాడు. ఆ మాట ఇంకా ఇవ్వని రేవు ఊరు ఒకటి ఊహించుకో. రాత్రి ఓడ పగిలింది, పొద్దునకి ఊరంతా ఒడ్డునే ఉంది. సరుకు జాలర్లదా, జమీందారుదా, బతికి బయటపడ్డ వర్తకుడిదా? నీ వంశవృక్షంలో జమీందారు కూడా పనికొస్తాడు.

పెన్న గట్టు:
ఇది బాగుంది! ఇంకొకటి చెప్పి ఊరుకుంటా. ప్లేయర్లకి ఊరి మీద మమకారం ఎట్టా వస్తదని మా గ్రూపులో అడిగారు. నేను మా రొట్టెల పండగ పద్ధతి వాడుకున్నా. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. నా ఊళ్లో అట్టాంటిదే ఒక పండగ పెట్టి, ప్రతి ప్లేయర్నీ ఊరివాళ్లలో ఒకరి చేతి నుంచి రొట్టె తీసుకోమన్నా. కోరిక ఏంటో చెప్పాలి, ఇచ్చిన మనిషి పేరు రాసుకోవాలి. రోగ్ (దొంగ లాంటి పాత్ర) ఆడే అబ్బాయి బాకీ తీరే రొట్టె తీసుకున్నాడు. ఇచ్చినామె పేరు ఇప్పటికీ వాడి క్యారెక్టర్ షీట్ పైన ఉంది. తర్వాత గాబ్లిన్లు ఆమె ఇంటి మీద పడితే నేను హుక్ (కథలోకి లాగే ఎర) వేయాల్సిన పని లేకుండానే పరిగెత్తాడు.

గూడూరు రోగ్:
ఆ రోగ్ నేనే. ఆమె బాకీ ఇంకా తీర్చలా.

ఒంగోలు డీఎం:
భలే సలహాలిచ్చారు అందరూ. రేవు ఊరు, పగిలిన ఓడ ఖాయం. రొట్టెలు ఓడ వచ్చే ముందు రోజు సాయంత్రం పెడతా. ఒక్క డౌట్. సరుకు మీద తీర్పు ఎవరు చెప్పాలి? జమీందారు చెప్తే ప్లేయర్లకి పని లేదు.

కావలి కుర్రోడు:
జమీందారుకి జ్వరం తెప్పించు. దివాణం నుంచి మనిషి రావడానికి మూడు రోజులు పడుతుందని చెప్పు. అప్పటిదాకా సరుకుకి కాపలా ఉండమని ఆ నలుగురికీ చావడి తాళాలు ఇప్పించు.

మార్కాపురం పలక:
రోగ్ చేతికా తాళాలు?

కావలి కుర్రోడు:
ఇంకెవరికి మరి.