కొత్త షెడ్డుకు 35 శాతం, పాత మిల్లుకు నమస్కారం: ఇదేనా చిన్న పరిశ్రమలకు ప్రోత్సాహం?

పీచుమిల్లు (అంబాజీపేట దగ్గర)

మాది కొబ్బరి పీచు మిల్లు. పెట్టి పద్నాలుగేళ్లయింది. డొక్కలు కొని నానబెట్టి, పీచు తీసి, ఎండబెట్టి, బేళ్లు కట్టి పంపుతాం. పదకొండు మంది పనివాళ్లు, అందులో తొమ్మిది మంది ఆడవాళ్లు.

మొన్న మండల కేంద్రంలో ఉపాధి పథకాల మీద అవగాహన సదస్సు పెడితే వెళ్లాను. పీఎంఈజీపీ అనే కేంద్ర ఉపాధి పథకం గురించి గంటసేపు చెప్పారు. పల్లెలో పరిశ్రమ పెడితే సాధారణ వర్గాలకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వంటి వర్గాలకు 35 శాతం రాయితీ. తయారీ యూనిట్‌కు మొత్తం ఖర్చు 50 లక్షల దాకా ఉండొచ్చు. బాగుంది. చివర్లో లేచి, "ఇప్పటికే నడుస్తున్న మిల్లుకు ఏమైనా ఉందా?" అని అడిగాను. "కొత్తదైతేనే సార్" అన్నారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి చెవి దగ్గరికి వంగి, "మీ అబ్బాయి పేరు మీద పక్క స్థలంలో కొత్తగా పెట్టినట్టు రాయించండి" అని సలహా ఇచ్చాడు. మిల్లూ అదే, డొక్కా అదే. బోర్డు మారిస్తే చాలట.

ఒకసారి ఈ పథకం కిందో ముద్ర కిందో రుణం తీసుకుని బాగా నడిపినవాళ్లకు విస్తరణ కోసం రెండో రుణం ఉంది. అంటే ఆ రుణాలేవీ తీసుకోకుండా సొంతంగా నిలబడ్డవాడికి అదీ లేదు.

నాకు కొత్త యంత్రం వద్దు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, పీచు ఎండదు. ఎండినదాన్ని అమ్మితే డబ్బు మూడు నెలలకు గానీ రాదు. ఈ రెండు బాధలకూ ఏ పథకంలోనూ గడి లేదు. ప్రభుత్వం కొత్తవాటిని లెక్కపెట్టుకోవడం మానేసి, ఉన్నవాటిని నిలబెట్టాలని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

విశ్రాంత_బ్యాంకరు (తణుకు)

కాదంటాను. ముప్పై ఏళ్లు ఈ ఫైళ్లు చూసినవాణ్ణి.

ముందుగా ఒక అపోహ పోవాలి. ఆ రాయితీ ఎవరి చేతికీ రాదు. బ్యాంకులో లబ్ధిదారు పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద వడ్డీ ఇవ్వరు, అంత మేర అప్పు మీద వడ్డీ తీసుకోరు. మూడేళ్ల తర్వాత వచ్చి చూసి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ చేస్తారు. తనిఖీకి వారం ముందు షట్టరుకు రంగు వేయించినవాళ్లను చూశాను, అది వేరే సంగతి.

పద్నాలుగేళ్లు నడిపినవారికి రాయితీ ఎందుకండీ? మీకు చరిత్ర ఉంది, ఖాతా ఉంది. క్యాష్ క్రెడిట్ (రోజువారీ ఖర్చులకు వాడుకునే బ్యాంకు అప్పు) అడగండి. చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. పాతవాళ్లందరికీ ఇవ్వడం మొదలుపెడితే, నిలబడలేని మిల్లును కూడా ప్రజల డబ్బుతో నిలబెట్టినట్టవుతుంది.

పీచుమిల్లు

ఆదేశించింది, నిజమే. నేను వెళ్లిన శాఖలో ఇంటి కాగితాలు అడిగారు. ఆదేశం సంగతి ఎత్తితే, "అది ఉందండీ, కానీ కాగితాలు పెడితే త్వరగా అవుతుంది" అన్నారు. పెట్టాను. త్వరగానే అయింది.

లేసుదారం (నరసాపురం)

మీరిద్దరూ యూనిట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మా ఇళ్లలో అల్లేవాళ్లు అసలు యూనిట్లే కారు.

19వ శతాబ్దం మధ్యలో మిషనరీలు నేర్పిన పని ఇది. మా అమ్మమ్మ అల్లింది, అమ్మ అల్లింది, నేను కాలేజీకి వెళుతూ అల్లాను. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన ముక్కకు ఇంత అని కడతాడు. ఆయన పైన ఇంకొకరు, ఆ పైన ఎగుమతిదారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊళ్లో అందరం సంతోషించాం. ఆ ముద్ర సరుకు పేరును కాపాడుతుంది, యంత్రం మీద చేసిన లేసును నరసాపురం లేసు అని అమ్మితే అడ్డుకోవచ్చు. అల్లినామె కూలి పెంచమని అందులో ఎక్కడా రాసి ఉండదు.

శిక్షణ ఇస్తామని ఏటా ఎవరో ఒకరు వస్తారు. ఎనిమిదేళ్ల వయసులో సూది పట్టిన మనిషికి లేసు అల్లడం నేర్పిస్తారట! మాకు రానిది అల్లిక కాదు, ధర కట్టడం. ఒక దుప్పటికి ఎన్ని గంటలు పట్టింది, బయట ఎంతకు అమ్ముడవుతుంది, కొనేవాడికి ఉత్తరం ఎలా రాయాలి, ఇవి నేర్పేవాళ్లు రాలేదు.

పూతరేకు (ఆత్రేయపురం)

మా పూతరేకులకు 2023లో వచ్చింది గుర్తింపు. రోడ్డు పక్క దుకాణాల్లో బోర్డులు పెరిగాయి. రేకు తీసే ఆడవాళ్లు మాత్రం ఇప్పటికీ కుండ ముందు సెగలోనే కూర్చుంటున్నారు. లేసుదారం గారు చెప్పినదానికి నా ఓటు.

లంకగాలి (పి.గన్నవరం)

నైపుణ్యాల మాట వచ్చింది కాబట్టి నాదీ వినండి. మా నాన్న దింపు కార్మికుడు. రోజుకు ఎన్ని చెట్లు ఎక్కుతాడో చెబితే పట్నంవాళ్లు నమ్మరు.

2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం వచ్చినప్పుడు జాబితా అంతా చదివాను. పద్దెనిమిది వృత్తులు. పడవలు చేసేవారు ఉన్నారు, వలలు అల్లేవారు ఉన్నారు, కొబ్బరి పీచు నేసేవారూ ఉన్నారు, సంతోషం. తాళం కప్పలు చేసేవారు ఉన్నారు. కవచాలు చేసేవారు కూడా ఉన్నారు. కోనసీమలో కవచం చేసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కొబ్బరి చెట్టు ఎక్కేవాడు లేడు, కాయ ఒలిచేవాడు లేడు, లేసు అల్లేవారు లేరు. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు. ఇవన్నీ జాబితాలో ఉన్నవాళ్లకు.

కొబ్బరి అభివృద్ధి మండలి యంత్రంతో చెట్టెక్కడం నేర్పిస్తుంది, ఎక్కేవాళ్లకు ప్రమాద బీమా కూడా ఉంది. అది మంచి పనే. నాన్నకు యంత్రం చూపిస్తే, "ఇది బిగించేలోపు నేను రెండు చెట్లు దిగుతాను" అన్నాడు. మా తరం మాత్రం తాడుతో ఎక్కదు. ఈ వృత్తిని కాగితం మీద వృత్తిగా రాయకపోతే పదేళ్ల తర్వాత పీచుమిల్లు గారికి డొక్కలు ఎక్కడినుంచి వస్తాయి?

కాకినాడ_లెక్చరర్

గోదావరి మీద ఏ చర్చయినా కాటన్ దొర దగ్గరికి రాకుండా ముగియదు కాబట్టి ఆ పని నేను చేస్తాను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఏ రైతుకూ విడిగా రాయితీ ఇవ్వలేదు. నీళ్లిచ్చారు, కాలువలు తవ్వారు, ఆ కాలువల్లోనే పడవల మీద ధాన్యం సంతకు పోయింది. అందరికీ పనికివచ్చేదాన్ని ఒకచోట కట్టడమే అసలైన ప్రోత్సాహం. పీచుమిల్లు గారికి కావలసింది పైకప్పున్న ఆరబెట్టే చోటు. అది ఒక్కరికి ఇస్తే రాయితీ, ఇరవై మిల్లులకు కలిపి కడితే సౌకర్యం. సంప్రదాయ పరిశ్రమల క్లస్టర్ల (ఒకేచోట ఉన్న యూనిట్ల సమూహాల) కోసం 2005లో వచ్చిన 'స్ఫూర్తి' పథకంలో కొబ్బరి పీచు కూడా ఉంది.

పీచుమిల్లు

మాస్టారూ, ఇరవై మంది మిల్లు యజమానులను ఒకే గదిలో కూర్చోబెట్టి తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో ఒక్కసారి తేల్చించండి. వాన వచ్చిన రోజు ముందు ఎవరి పీచు లోపల పెట్టాలో కూడా.

(మీ మాట తప్పు కాదు. మేం అలా ఉన్నాం.)

కొత్త_యూనిట్ (రాజోలు వైపు)

మూడు రోజులుగా చదువుతున్నాను. మీరు చెబుతున్న ఆ కొత్త షెడ్డు మనిషిని నేనే.

మా అమ్మ ఇరవై ఏళ్లు ఒక పీచు మిల్లులో కూలి. ఆ మిల్లు యజమాని మంచివాడే, పండక్కి చీర పెట్టేవాడు. పీఎంఈజీపీ కింద కొబ్బరి పొట్టు ఇటుకల (మొక్కల పెంపకానికి వాడేవి) యూనిట్ పెట్టాను. మొత్తం 25 లక్షలు. నా వాటా అయిదు శాతం, అంటే లక్షా పాతిక వేలు. రాయితీ 8 లక్షల 75 వేలు. ఆ లక్షా పాతిక వేలకే అమ్మ గొలుసు పోయింది. మామూలు లెక్కన నాలుగో వంతు సొంతంగా తెమ్మంటే మా ఇంట్లో అమ్మడానికి ఏముంది?

పీచుమిల్లు గారూ, మీరు అప్పుకు వెళితే ఇంటి కాగితాలు అడిగారన్నారు. కాగితాలున్న ఇల్లు ఉంది కాబట్టి అడిగారు. కొత్తవాటికి ఇవ్వడం ఆపి ఉన్నవాటిని నిలబెట్టాలంటే, ఉన్నవాళ్లెవరో ఒకసారి చూడండి. మన జిల్లాల్లో మిల్లులు ఎవరి పేర్ల మీద ఉన్నాయి, పనివాళ్లు ఏ పేటల నుంచి వస్తారు?

కొడుకు పేరు మీద బోర్డు మార్చేవాళ్లను పట్టుకోండి. వాళ్లు తినేది నాలాంటివాళ్ల వాటానే. డబ్బు ఆలస్యం సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నా సరుకు పోయి డెబ్బై రోజులయింది.

విశ్రాంత_బ్యాంకరు

అమ్మా, మీ మాటకు చేతులెత్తి నమస్కారం. నేను చెప్పాలనుకుని చెప్పలేనిది మీరు చెప్పారు.

డబ్బు ఆలస్యానికి చట్టం ఉంది, వాడుకోండి. చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇందుకోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే, ఈ బకాయిల తగాదాలు తేల్చే కౌన్సిల్ విచారిస్తుంది. కౌన్సిల్ తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలన్నా 75 శాతం డబ్బు ముందు కట్టాలి. ఇంత పదునైన చట్టం పెద్ద కంపెనీలకు కూడా లేదు.

పీచుమిల్లు

పదును తెలుసండీ. ఆదాయపు పన్నులో ఇంకో నిబంధన కూడా వచ్చింది, గడువులో చిన్న పరిశ్రమకు కట్టకపోతే కట్టేదాకా ఆ ఖర్చును లెక్కలో చూపించుకోలేరు. అది రాగానే నా దగ్గర కొనేవాడు ఫోను చేసి, "చిన్న పరిశ్రమగా మీకున్న ఉద్యమ్ నమోదు రద్దు చేసుకోండి, లేకపోతే అవతలి ఊళ్లో కొంటాను" అన్నాడు. కత్తి నా చేతికే ఇచ్చారు, కానీ దాన్ని ఝుళిపించాల్సింది నాకు అన్నం పెట్టే చేతి మీద. ఫిర్యాదు చేసేది నేను కాకుండా, బిల్లులు చూసి అధికారే అడిగే పద్ధతి ఉంటే అప్పుడు ఆ చట్టానికి విలువ.

కొత్త_యూనిట్ గారికి: మీ రెండో పేరా చదివాక నిన్న రాత్రి సమాధానం రాయలేకపోయాను. మా మిల్లులోనూ పండక్కి చీరలు పెడతాం. నా మొదటి పోస్టులో 'మానేసి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది అలాగే ఉంచుతున్నాను: మూడేళ్ల తర్వాత మీది కూడా పాత యూనిటే అవుతుంది, ఆ రోజు సదస్సులో విస్తరణ రుణం తప్ప మీకూ నమస్కారమే దక్కుతుంది.

లేసుదారం

మీ ఇద్దరికీ ఫిర్యాదు చేయడానికి కనీసం బిల్లు ఉంది. ఏజెంటు మాకు చీటీ కూడా ఇవ్వడు.

నిర్వాహకులు

రాజకీయ పార్టీల ప్రస్తావన ఉన్న రెండు వ్యాఖ్యలు తీసివేశాం. చర్చ కొనసాగించవచ్చు.

కొత్త_యూనిట్

పీచుమిల్లు గారూ, చర్చకు సంబంధం లేని ప్రశ్న. పీచు తీయగా మిగిలిన పొట్టు ఏం చేస్తున్నారు?

పీచుమిల్లు

కాలువ గట్టున కుప్ప పోస్తున్నాం. కొండంత అయింది, పంచాయతీవాళ్లు రెండుసార్లు వచ్చి వెళ్లారు.

కొత్త_యూనిట్

అయ్యో. నేను దూరం నుంచి లారీల్లో తెప్పించుకుంటున్నాను. తడిదా, ఎండుదా? నానబెట్టిన నీళ్లలో ఉప్పు ఉంటే నాకు పనికిరాదు, ఒక సంచి పంపితే చూస్తాను. బాగుంటే టన్నుల లెక్కన కొంటాను. బిల్లు రాయండి, 15 రోజుల్లో కడతాను. చట్టం ఉందట కదా.

పీచుమిల్లు

పైది ఎండుదే, అడుగున తడి. సోమవారం సంచి పంపుతాను. లారీ కిరాయి మాత్రం మీదే.

కొత్త_యూనిట్

ఎత్తుడు కూలి మీదైతే సరే.

విశ్రాంత_బ్యాంకరు

ఒప్పందం రాతలో పెట్టుకోండి ఇద్దరూ.