అప్‌డేట్: మోడల్ 100కి అసెంబ్లర్ దొరికింది

మామయ్య ఇచ్చిన పాత చిన్న కంప్యూటర్ టీఆర్‌ఎస్-80 మోడల్ 100 (1983ది)కి ఏ అసెంబ్లర్ (మనం రాసిన ఆదేశాలను ప్రాసెసర్ అంకెల్లోకి మార్చే ప్రోగ్రాం) వాడాలని పోయిన నెల ఇక్కడ అడిగిన. జెడ్80 అనే ప్రాసెసర్‌ది వాడితే ప్రోగ్రాం మొండికేస్తుందని చెప్పిన కదా. కారణం దొరికింది.

ఇందులో ఉన్న ప్రాసెసర్ జెడ్80 కాదు, 8085. జెడ్80లో 'జేఆర్ ఎన్‌జెడ్' (ఫలితం సున్నా కాకపోతే వేరే చోటికి దూకమనే ఆదేశం) అంటే హెక్స్ 20 అనే బైటు. అదే బైటు 8085కి 'రిమ్', అంటే ఇంటరప్ట్ మాస్క్‌ను (ఏ అంతరాయాలను ఆపాలో చెప్పే బిట్లను) 'A' అనే రిజిస్టర్‌లోకి, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడిలోకి, చదవడం. నా లూప్ వెనక్కి దూకకుండా 'A' రిజిస్టర్‌నే చెరిపేస్తుండె! రెండు రాత్రులు పోయినయి దీనికే.

ఇప్పుడు ఏఎస్ మాక్రో అసెంబ్లర్ వాడుతున్న. పైన 'సీపీయూ 8085' అని రాస్తే చాలు, జెడ్80 ఆదేశం పొరపాటున రాసినా అక్కడే పట్టేస్తది. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. దానితో వచ్చే పీ2బిన్ అనే టూల్‌తో బైనరీ ఫైల్ తీసి, దాని మొదట్లో ఆరు బైట్లు నేనే చేర్చిన: లోడ్ అడ్రస్, పొడవు, మొదలయ్యే అడ్రస్. ప్రోగ్రాం ఎక్కించే ముందు బేసిక్‌లో 'క్లియర్ 256, 60000' (60000 నుంచి పైన మెమరీని బేసిక్ ముట్టకుండా ఉంచే ఆదేశం) కొట్టడం మరవొద్దు.

నిన్న హన్మకొండ చౌరస్తాలో నాలుగు పెన్సిల్ సెల్స్ కొనుక్కొచ్చి వేసిన. 'A' రిజిస్టర్‌లో అక్షరం పెట్టి 'ఆర్‌ఎస్‌టీ 4' (ఇందులో అక్షరాన్ని తెర మీద చూపే ఆదేశం) అనంగనే తెర మీద పడ్డది. మామయ్యకు వెంటనే ఫోన్ చేసిన. పోయిన నెల నా ప్రశ్నకు జవాబిస్తూ 8085 సంగతి ముందే అనుమానించిన అన్నకు శానా థాంక్స్.