నాలుగు ఊళ్ల ఆఫీసులకు ఒకే మెయిల్ సర్వర్: హన్మకొండలో పెట్టుకోవాలా, కిరాయికి తీసుకోవాలా?

విత్తనాల_లెక్క:
మాది విత్తనాలు, పురుగుమందుల డిస్ట్రిబ్యూషన్. హెడ్డాఫీసు హన్మకొండ, గోదాం ఎనుమాముల దగ్గర, బ్రాంచీలు కరీంనగర్, జమ్మికుంట, మంచిర్యాల. మొత్తం నలభై మంది లోపే. ఎవరి జీమెయిల్ వాళ్లదే. జమ్మికుంటలో ఆర్డర్లు చూసే అబ్బాయి పోయినేడు మానేశాడు, డీలర్లు ఇప్పటికీ అతని సొంత మెయిల్‌కే ఇండెంట్లు పంపుతున్నారు. కంపెనీ డొమైన్ ఉంది గానీ వెబ్‌సైట్‌కు తప్ప వాడట్లేదు. మా సార్ ఏమో "నెలనెలా కిరాయి ఎందుకు, సర్వర్ కొని ఇక్కడే పెట్టేద్దాం" అంటున్నారు. ఒకాయన సెకండ్ హ్యాండ్ మిషన్ మీద మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2016 వేసి ఇస్తానంటున్నాడు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

రామప్ప_రూట్:
ఆ ఎక్స్ఛేంజ్‌కు మాత్రం దండం పెట్టండి అన్నా. 2016, 2019 వెర్షన్లు రెండింటికీ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అప్‌డేట్లు రాని సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే ఎవరో ఒకరు దూరతారు.

మానేరు_గట్టు:
మెయిల్ తీసుకోవడం పెద్ద పని కాదు, డొమైన్‌కు వచ్చే మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మీ సర్వర్ వైపు తిప్పితే వస్తుంది. పంపడం దగ్గరే అసలు పరేషాన్. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీకి నేను ఆఫీసులోనే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు పెట్టి ఇచ్చాను. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు సర్వర్ల మధ్య మెయిల్ నడిచే దారి, అంటే బయటికెళ్లే పోర్ట్ 25, మూసి ఉంచారు. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ నంబరు) తీసుకుని, బతిమాలి తెరిపించాం. తర్వాత రివర్స్ డీఎన్ఎస్, అంటే ఆ ఐపీ నంబరు ఏ సర్వర్ పేరుదో చెప్పే పీటీఆర్ రికార్డు. ఆ పీటీఆర్ రికార్డు మన డొమైన్ ప్యానెల్‌లో ఉండదు, ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి. కాల్ సెంటర్‌లో ఆ మాట అర్థమయ్యే మనిషి దొరికేసరికి సీజన్ సగం అయిపోయింది. ఆ రికార్డు లేకపోతే జీమెయిల్ మన మెయిల్‌ను తిప్పి కొట్టడమో, స్పామ్‌లో పడేయడమో చేస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ రూల్స్ ఇంకా బిగించారు: ఎవరు పంపినా ఎస్పీఎఫ్ (మన డొమైన్ పేరుతో పంపొచ్చని ఒప్పుకున్న సర్వర్ల జాబితా) గానీ డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) గానీ ఉండాలి, రోజుకు 5000 దాటితే రెండూ ఉండాలి, డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా. మీ డీలర్లలో ఎక్కువ మంది జీమెయిల్ వాళ్లే కదా.

విత్తనాల_లెక్క:
అవును, నూటికి తొంభై అదే. ఎండాకాలం కరెంటు పోతే సర్వర్ ఆగి, వచ్చే మెయిళ్లు పోతాయేమోనని కూడా టెన్షన్.

మానేరు_గట్టు:
పోవు. అవతలి సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజుల దాకా. కానీ హన్మకొండలో లైన్ తెగితే మంచిర్యాల వాళ్లకు నిన్నటి పాత మెయిల్ కూడా తెరుచుకోదు. పక్క టేబుల్ ఆయనకు పంపినా హన్మకొండకు పోయి రావాల్సిందే. బ్రాంచీల కోసమని పెట్టిన సర్వర్ బ్రాంచీలకే అందదు.

గోదారి_లైన్‌మ్యాన్:
అందరూ మరీ భయపెడుతున్నారు. ఆఫీసులో వద్దు సరే, డేటా సెంటర్‌లో వీపీఎస్ (కిరాయి వర్చువల్ సర్వర్) తీసుకుని మెయిల్‌కౌ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చుగా? పీటీఆర్ మనమే ప్యానెల్‌లో పెట్టుకోవచ్చు. మా కంపెనీ మూడు ఆఫీసులకు అదే నడుస్తోంది, మనిషికి ఇంత అని కట్టే పని లేదు. ఒక్కటే, ఐపీ చేతికి రాగానే స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో చూసుకోవాలి. ముందు వాడినవాడి పాపం మనకు చుట్టుకుంటుంది.

రామప్ప_రూట్:
నువ్వు ఉన్నావు కాబట్టి నడుస్తోంది. వాళ్ల దగ్గర కంప్యూటర్లు చూసేది ఎవరు?

విత్తనాల_లెక్క:
నేనే. అకౌంట్స్‌తో పాటు.

రామప్ప_రూట్:
అయితే జోహో, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఏదో ఒకటి కిరాయికి తీసుకోండి. బ్యాకప్ మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. అందరికీ ఐమ్యాప్ (మెయిల్ సర్వర్ మీదే ఉండే పద్ధతి) పెట్టండి. పాప్3 (మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) పెట్టి సర్వర్ మీద తుడిచేస్తే కంప్యూటర్‌తో పాటే మెయిలూ పోతుంది. ఆర్డర్స్, బిల్లింగ్, స్టోర్స్ అడ్రస్‌లను గ్రూపులుగా చేసి ఇద్దరు ముగ్గురికి వెళ్లేలా కట్టండి, అప్పుడు ఎవరు మానేసినా ఇండెంట్ ఆగదు.

కాజీపేట_జంక్షన్:
మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్వాయిస్‌లు ఎక్కడి నుంచి పంపుతుందో చూశారా? మా దగ్గర మెయిళ్లన్నీ బాగా వెళ్లేవి, బిల్లులు మాత్రం స్పామ్‌లో పడేవి. అది వేరే సర్వర్ నుంచి పంపుతోంది, ఎస్పీఎఫ్‌లో దాని పేరే లేదు. అక్కడి కుర్రాడు రెండో ఎస్పీఎఫ్ రికార్డు రాశాడు, దాంతో ఉన్నదీ చెడింది. డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, అందులో డీఎన్ఎస్ (డొమైన్ రికార్డుల పట్టిక) వెతుకులాటలు 10 దాటకూడదు. డీమార్క్ ముందు పీ=నన్‌తో (మెయిల్ ఆపకుండా రిపోర్టు మాత్రమే తెప్పించే సెట్టింగ్) పెట్టి, రిపోర్టులు చూసి బిగించండి.

గోదారి_లైన్‌మ్యాన్:
స్కాన్ కాపీల సంగతీ చూసుకోండి. అటాచ్‌మెంట్ మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు మూడో వంతు ఉబ్బుతుంది. పోస్ట్‌ఫిక్స్ డీఫాల్ట్ హద్దు సుమారు 10 ఎంబీ, అంటే 7 ఎంబీ దాటిన ఫైలు తిరిగొచ్చినా ఆశ్చర్యపోవద్దు. అవతలివాళ్ల హద్దు మన చేతిలో ఉండదు. పెద్దవి లింక్‌గా పంపడం అలవాటు చేయండి.

విత్తనాల_లెక్క:
సార్‌కు ఈ థ్రెడ్ చూపించాను, కిరాయికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇంకో తంటా. డొమైన్ వెబ్‌సైట్ చేసిన వెండర్ ఖాతాలో ఉంది. లాగిన్ అడిగితే "మార్పులు మేమే చేస్తాం, చార్జీ అవుతుంది" అంటున్నాడు.

కాజీపేట_జంక్షన్:
మార్పులు కాదు, ట్రాన్స్‌ఫర్ అడగండి. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) పేరు ఎవరిదో ముందు ఖాయం చేసుకుని, డొమైన్ అన్‌లాక్ చేయమని, ఆథ్ కోడ్ (ట్రాన్స్‌ఫర్‌కు కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వమని ఈమెయిల్‌లోనే రాయండి, ఫోన్‌లో కాదు. పాత బిల్లులు జత చేయండి. కంపెనీ పేరున ఖాతా తెరిచి అందులోకి లాక్కోండి. అది చేతికొచ్చేదాకా ఏ ప్లాన్‌కూ డబ్బు కట్టొద్దు.

రామప్ప_రూట్:
వచ్చాక ఎంఎక్స్ మార్చే ముందు రోజే టీటీఎల్ (పాత రికార్డును బయటి సర్వర్లు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి, ఆదివారం మార్చండి. డీలర్లందరికీ కొత్త ఆర్డర్స్ అడ్రస్ వాట్సాప్‌లో పంపండి. జమ్మికుంట అబ్బాయితో కూడా ఒక మాట మాట్లాడండి, తన జీమెయిల్‌లో ఫార్వర్డ్ పెట్టమంటే ఈ ఖరీఫ్ వరకైనా పెడతాడేమో.

విత్తనాల_లెక్క:
పెడతానన్నాడు. కాకపోతే రావాల్సిన పాత ఇన్సెంటివ్ సంగతి తేల్చమంటున్నాడు.